తండ్రుల దోషం, కాపరుల వైఫల్యం: హీబ్రూ లేఖనాల చర్చ – పశ్చిమ కర్నూలు నేపథ్యం

వ్యాససంగ్రహం

తండ్రి చేసిన పాపానికి కుమారుడు శిక్ష అనుభవించాలా అన్న ప్రశ్నకు హీబ్రూ లేఖనాలు ఒకే సమాధానం ఇవ్వవు. నిర్గమకాండంలో మొదలైన ఒక సూత్రం ద్వితీయోపదేశకాండంలో సవరణ పొంది, యిర్మీయా, యెహెజ్కేలు గ్రంథాలలో తిరస్కృతమైంది. ఆ తిరస్కారానికి తోడుగా యాజకుల, కాపరుల వైఫల్యంపై తీవ్రమైన విమర్శ నడిచింది. ఈ రెండు అంశాలకూ గల సంబంధాన్ని ఈ వ్యాసం ముందుగా పరిశీలిస్తుంది. ఆపై, పుట్టుకనే నేరంగా పరిగణించిన నేరస్థ జాతుల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీలో అమలైనప్పుడు, అదే లేఖనాలను బోధించిన మిషన్ సంస్థలు వహించిన పాత్రను ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు ప్రాంతపు చరిత్ర నేపథ్యంలో చర్చిస్తుంది.

కీలక పదాలు: వంశదోషం, ఏలీ, యిర్మీయా, యెహెజ్కేలు, నేరస్థ జాతుల చట్టం, ఎరుకలవారు, సెటిల్మెంట్లు, పశ్చిమ కర్నూలు.

1. పరిచయం

ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు నేడు పశ్చిమ కర్నూలుగా ఒకే మాటలో ఇమిడిపోతున్నా, 1953 వరకు వాటి పాలన రెండు జిల్లాల మధ్య చీలి ఉండేది. ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో భాగం. హంద్రీ తీరాన ఉన్న కోడుమూరు కర్నూలు జిల్లాలోనిది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్ళారి నుంచి విడివడి కొత్త రాష్ట్రంలో చేరాయి.

ఈ ప్రాంతానికి క్రైస్తవ లేఖనాలు రెండు భాషల దారిలో వచ్చాయి. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జాన్ హ్యాండ్స్ 1810లో బళ్ళారి చేరి కన్నడ అనువాదానికి పూనుకున్నాడు. తెలుగు అనువాదం విశాఖపట్నంలో మొదలై, పందొమ్మిదో శతాబ్ది మధ్యనాటికి బైబిలు మొత్తం తెలుగులో అందుబాటులోకి వచ్చింది. తండ్రుల అపరాధాన్ని తెలిపే హీబ్రూ పదానికి తెలుగు అనువాదకులు ‘దోషము’ అన్న మాటను ఎంచుకున్నారు. జాతకదోషం, సర్పదోషం వంటి వ్యవహారాలున్న సమాజంలో ఈ మాట చేసినవాడి అపరాధాన్నే కాక, పుట్టుకతో అంటుకునే మచ్చను కూడా స్ఫురింపజేస్తుంది. మూల గ్రంథం చెప్పేది ఈ రెండింటిలో ఏది అన్నది ఇక్కడి మొదటి ప్రశ్న.

2. ఒక క్రియాపదం, మూడు అర్థాలు

పది ఆజ్ఞలలో (నిర్గమకాండము 20:5), ఆపై దేవుని గుణకీర్తనలో (నిర్గమకాండము 34:7) మూడు, నాలుగు తరాల మాట వస్తుంది. తండ్రుల అపరాధం కుమారుల మీద ఏమవుతుందో చెప్పే హీబ్రూ క్రియ ‘పాకద్’. దీనికి ప్రధానంగా మూడు అర్థాలున్నాయి. మొదటిది ఆదరించడం, పరామర్శించడం. దేవుడు శారాను దర్శించాడని చెప్పే చోట (ఆదికాండము 21:1) ఇదే క్రియ. రెండవది లెక్కించడం, సంఖ్యాకాండంలో గోత్రాలవారీగా పురుషులను లెక్కపెట్టే సందర్భంలో ఇదే ధాతువు పదే పదే వస్తుంది. మూడవది లెక్క అడగడం, అంటే శిక్షించడం. పైవాడు కిందివాడి యోగక్షేమాలను విచారించడం ఈ మూడింటికీ మూలార్థం. విచారణ ఆదరణగా ముగియవచ్చు, జాబితాగా మిగలవచ్చు, శిక్షగా మారవచ్చు.

అపరాధాన్ని తెలిపే ‘అవోన్’ అన్న నామవాచకం కూడా ఇలాంటిదే. చేసిన తప్పు, దాని వల్ల మోయవలసిన భారం, దానికి పడే శిక్ష అన్నీ ఆ ఒక్క మాటలో ఉంటాయి. కనుక ఈ వాక్యాలను కుమారులు పుట్టుకతో నేరస్థులన్న అర్థంలో చదవడం తప్పనిసరి కాదు. ప్రాచీన ఇశ్రాయేలులో ‘బేత్ ఆవ్’, అంటే తండ్రి ఇల్లు, మూడు నాలుగు తరాలు కలిసి బతికే ఉమ్మడి కుటుంబం. ఇంటి పెద్ద చేసిన పనికి ఆ కప్పు కింద ఉన్నవారంతా నష్టపోవడం వారి నిత్యానుభవం. సూత్రం నాలుగో తరంతో ఆగిపోవడానికి ఇదే కారణమని పలువురు పండితులు భావించారు. కరుణ వేయి తరాల వరకు సాగుతుందన్న మాట దాని పక్కనే ఉంది.

కర్మ సిద్ధాంతంతో పోల్చినప్పుడు ఈ భేదం స్పష్టమవుతుంది. కర్మలో చేసినవాడే మరో జన్మలో అనుభవిస్తాడు, ఖాతా ఒక్కడిదే. హీబ్రూ సూత్రంలో జన్మ ఒక్కటే, ఖాతా ఇంటి మొత్తానిది. న్యాయం గురించిన ప్రశ్న తలెత్తేది ఇక్కడే.

3. ఏలీ ఇల్లు: నాయకుడి దోషం

లేఖనాలలో వంశం మొత్తానికి తగిలిన శిక్షలను వరుసగా చూస్తే, వాటిలో చెప్పుకోదగ్గవి నాయకులకు సంబంధించినవని తెలుస్తుంది. అభిషిక్తుడైన యాజకుడు పాపం చేస్తే ఆ అపరాధం ప్రజల మీదికి వస్తుందని లేవీయకాండము (4:3) చెబుతుంది. షిలోహులోని యాజకుడు ఏలీ కథ (1 సమూయేలు 2–4) దీనికి ప్రధాన ఉదాహరణ. అతని కుమారులు హొఫ్నీ, ఫీనెహాసులు బలి మాంసాన్ని బలవంతంగా తీసుకున్నారు. ఆలయ ద్వారం వద్ద సేవచేసే స్త్రీలతో తప్పుగా ప్రవర్తించారు. ఏలీ వారిని మందలించాడు గాని అడ్డుకోలేదు. శిక్ష అతని ఇంటి మీద పడింది.

ఇక్కడ కథ కుమారులను తండ్రి పాపానికి బలిచేయడం లేదు. తప్పు చేసినవారు కుమారులే. తండ్రి మీద పడిన అభియోగం తెలిసీ ఊరుకున్నాడన్నది. అధికారం వంశపారంపర్యంగా వచ్చినప్పుడు, దాని దుర్వినియోగం కూడా వంశపారంపర్యమవుతుందని కథ సూచన. ఆ ఇంటికి పడిన శిక్ష ప్రధానంగా పదవీచ్యుతి. చివరకు సొలొమోను కాలంలో, ఏలీ సంతతికి చెందిన అబ్యాతారును యాజకత్వం నుంచి తొలగించి అనాతోతు అనే ఊరికి పంపివేయడంతో ఆ మాట నెరవేరిందని గ్రంథం చెబుతుంది (1 రాజులు 2:26–27).

సుమారు మూడు శతాబ్దాల తర్వాత అదే అనాతోతు యాజకుల మధ్య నుంచి యిర్మీయా వచ్చాడు (యిర్మీయా 1:1). అతడు అబ్యాతారు సంతతివాడని చెప్పే వంశావళి గ్రంథంలో లేదు. అయినా ఊరు ఒకటే, వృత్తి ఒకటే. శపింపబడిన ఇంటివారు తలదాచుకున్న ఊరి నుంచి వచ్చినవాడే వంశదోషపు సామెత ఇక చెల్లదని ప్రకటించడం గమనార్హం.

4. సామెత రద్దు

వంశశిక్షకు తొలి అడ్డుకట్ట న్యాయశాస్త్రంలో పడింది. కుమారుల కోసం తండ్రులకు గాని, తండ్రుల కోసం కుమారులకు గాని మరణశిక్ష విధించరాదని ద్వితీయోపదేశకాండము (24:16) నిర్దేశించింది. యూదా రాజు అమజ్యా తన తండ్రిని చంపినవారిని చంపించాడు గాని, ఈ ధర్మాన్ని అనుసరించి వారి పిల్లల జోలికి పోలేదు (2 రాజులు 14:5–6). కక్షలు తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి ఆస్తిలా సంక్రమించడాన్ని చూసిన రాయలసీమ పాఠకుడికి ఆ నిగ్రహం విలువ వేరే చెప్పనక్కరలేదు. నేరస్థుడితో లెక్క తేలిన చోట పగ ఆగిపోవాలన్నదే ఆ శాసనం సారం.

రెండవ అడ్డుకట్ట చారిత్రక సంక్షోభం నుంచి వచ్చింది. క్రీ.పూ. 597లో బబులోనుకు తొలి చెర, 586 ప్రాంతంలో యెరూషలేము పతనం జరిగాయి. రాజ్యనాశనానికి మనష్షే పాపమే కారణమని రాజుల గ్రంథం (2 రాజులు 23:26) వివరించింది. ఆ వివరణను నమ్మిన తరం, తాము తినని పుల్లని ద్రాక్షకు తమ పళ్ళు పులిశాయన్న సామెతను చెప్పుకుంది. యిర్మీయా (31:29–30) ఆ సామెతకు కాలం చెల్లే రోజు వస్తుందన్నాడు. చెరలో ఉన్న యెహెజ్కేలు (18వ అధ్యాయం) భవిష్యత్తు కోసం ఆగలేదు; అప్పుడే దాన్ని ఆపమన్నాడు. నీతిమంతుడైన తాత, దుష్టుడైన తండ్రి, మళ్ళీ నీతిమంతుడైన మనవడు – ఈ మూడు తరాలను న్యాయస్థానంలో నిలిపినట్లు వరుసగా విచారించి, ఎవరి లెక్క వారిదేనని తేల్చాడు. మైకేల్ ఫిష్‌బేన్, బెర్నార్డ్ లెవిన్‌సన్ వంటి పండితులు దీనిని లేఖనం తనను తాను సవరించుకున్న తీరుకు నిదర్శనంగా చూపారు. తల్ముదులోని మక్కోత్ ప్రకరణంలో రబ్బీ యోసే బర్ హనీనా మరింత సూటిగా, మోషే విధించిన ఈ తీర్పును యెహెజ్కేలు వచ్చి రద్దు చేశాడని అభిప్రాయపడ్డాడు.

అయితే బాధ ఒక్క తీర్పుతో తీరిపోలేదు. విలాపవాక్యముల చివరి అధ్యాయం ఒకచోట పితరుల దోషాన్ని తాము మోస్తున్నామని (5:7), మరొకచోట పాపం చేసింది తామేనని (5:16) వాపోతుంది. గత తరాల చర్యల ఫలితం అనుభవించడం వేరు, ఆ చర్యలకు అపరాధులుగా ముద్రపడటం వేరు. ప్రవక్తలు నిరాకరించింది రెండవదాన్ని.

సామెతను రద్దుచేసిన ఇద్దరు ప్రవక్తలే కాపరులపై అతి తీవ్రమైన అభియోగాలు మోపారు (యిర్మీయా 23, యెహెజ్కేలు 34). ఇది యాదృచ్ఛికం కాదు. నాశనానికి కారణం చనిపోయిన తాతల పాపమైతే, బతికి ఉన్న నాయకులు జవాబు చెప్పనక్కరలేదు. వంశదోషం నాయకత్వానికి అనుకూలమైన సాకు. యిర్మీయా 23:2లో ‘పాకద్’ రెండుసార్లు వస్తుంది: కాపరులు మందను విచారించలేదు కనుక దేవుడు కాపరులనే విచారిస్తాడు. ఆదరణగా జరగవలసిన విచారణ జరగనప్పుడు, శిక్షగా మారిన విచారణ కాపరుల మీదికే తిరుగుతుందని దాని భావం.

5. 1871: రైలుదారి, చట్టం

వంశదోషం మతభావనగా కాక ప్రభుత్వ శాసనంగా మారిన సందర్భం తెలుగు నేల చరిత్రలో ఉంది. 1871లో మద్రాసు రైల్వే వాయవ్య మార్గం ఆదోని మీదుగా రాయచూరు చేరి, బొంబాయి వైపు నుంచి వచ్చిన మార్గంతో కలిసింది. అదే సంవత్సరం ఉత్తర భారతం కోసం నేరస్థ జాతుల చట్టం వెలువడింది. ఈ రెంటికీ అప్పట్లో ప్రత్యక్ష సంబంధం లేదు. నలభై ఏళ్ళ తర్వాత రెండూ ఒకే ప్రజల బతుకుల్లో కలిశాయి.

ఎరుకలవారు, కన్నడ సీమలో కొరచలని పిలువబడేవారు, గంపలు అల్లడం, ఎరుక చెప్పడంతోపాటు పశువుల మీద ఉప్పు, ధాన్యం మోసి అమ్మేవారు. వీరిలో ‘ఉప్పు ఎరుకల’ అన్న శాఖ పేరే ఆ వృత్తిని తెలుపుతుంది. రైలు రవాణా, ఉప్పుపై ప్రభుత్వ గుత్తాధిపత్యం, అడవి చట్టాలు, 1876–78 మహా కరవు కలిసి ఈ సంచార వర్తకాన్ని దెబ్బతీశాయని మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన గ్రంథంలో నిరూపించారు. ఆ కరవు బళ్ళారి, కర్నూలు జిల్లాలను అతి తీవ్రంగా పీడించింది. తీరం నుంచి లోపలి మెట్ట సీమకు ఉప్పు చేరవేసే దారులు జీవనాధారంగా ఉన్నవారికి, సరుకు రైలెక్కిన తర్వాత తిరగడం మాత్రమే మిగిలింది. సరుకు లేని సంచారం పాలకుల కంటికి అనుమానాస్పదమైంది. 1892లో వెలువడిన ముల్లాలీ పోలీసు గ్రంథం వంటివి మద్రాసు ప్రెసిడెన్సీలోని సంచార సమూహాలను ‘నేర వర్గాలు’గా వర్ణించాయి.

1911లో చట్టాన్ని తిరగరాసి మద్రాసుకు వర్తింపజేశారు. 1924లో మరోసారి క్రోడీకరించారు. ఒక తెగ నేరాలకు అలవాటుపడిందని ప్రభుత్వం నమ్మితే ప్రకటన ఇవ్వవచ్చు. ఆ ప్రకటన చెల్లుబాటును ప్రశ్నించే అధికారం న్యాయస్థానాలకు లేదు. నమోదైన వారు వేలిముద్రలు ఇవ్వాలి, నిర్ణీత సమయాలలో హాజరు చెప్పుకోవాలి, నివాసం మారితే తెలపాలి. అవసరమనుకుంటే సెటిల్మెంట్లకు తరలించవచ్చు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ప్రత్యేక పాఠశాలల్లో ఉంచే అధికారాన్ని కూడా చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. కర్నూలు, బళ్ళారి రెండూ మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాలే కనుక, కోడుమూరుకూ ఆదోనికీ వర్తించిన శాసనం ఒక్కటే.

ఈ చట్టం నిర్గమకాండపు సూత్రాన్నీ మించిపోయింది. అక్కడ తరాల లెక్క నాలుగుతో ఆగుతుంది. ఇక్కడ గడువు లేదు. అక్కడ ముందు ఒక తండ్రి తప్పు చేసి ఉండాలి. ఇక్కడ తెగలో పుట్టడమే చాలు.

6. సెటిల్మెంట్ల కాపరులు

ఈ సెటిల్మెంట్లలో కొన్నింటి నిర్వహణను ప్రభుత్వం మిషన్ సంస్థలకు అప్పగించింది. ఐ.సి.ఎస్. ఉద్యోగం వదిలి సాల్వేషన్ ఆర్మీలో చేరిన ఫ్రెడరిక్ బూత్-టక్కర్ 1882లో ఆ సంస్థను భారతదేశానికి తెచ్చాడు. ఆ సంస్థ 1913–14 ప్రాంతంలో బాపట్ల సమీపాన ఎరుకలవారి కోసం స్టూవర్టుపురాన్ని నెలకొల్పింది. మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారి అయిన హెరాల్డ్ స్టూవర్ట్ పేరు ఆ ఊరికి పెట్టారు. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున శామ్యూల్ బాడెన్ మరో సెటిల్మెంటును నడిపాడు. కర్నూలు జిల్లాలో సిద్ధాపురం సెటిల్మెంటు ఏర్పడింది.

ఈ మిషనరీలు వంశపారంపర్య నేరాన్ని వేదాంతపరంగా నమ్మినవారు కారు. వారు బోధించిన జన్మపాప సిద్ధాంతం రోమా పత్రిక 5వ అధ్యాయానికి అగస్టీన్ (354–430) ఇచ్చిన వ్యాఖ్యానం నుంచి బలపడింది. యూదు మతం దానిని అంగీకరించదు. ఆ సిద్ధాంతం ప్రకారం పాపం మానవులందరికీ సమానం. ఏ మనిషైనా మారగలడు. మనుషులందరూ ఒకే విధంగా పాపులైతే, ఏదో ఒక తెగ మాత్రమే ప్రత్యేకంగా నేరస్థులు కావడానికి తావులేదు. ఆ విధంగా వారి బోధ వారు అమలుపరిచిన చట్టానికి విరుద్ధంగా ఉంది.

సెటిల్మెంట్లలో బడి, వైద్యం, కొంత సాగుభూమి, చేతిపనుల శిక్షణ అందిన మాట నిజం. పోలీసు వేధింపు కంటే మిషన్ కాంపౌండు మేలని భావించినవారు ఉండవచ్చు. అయితే అదే నిర్వాహకుడు హాజరు తీసుకునేవాడు, బయటికి పోవడానికి అనుమతి ఇచ్చేవాడు, కూలి పని చూపేవాడు, ఆదివారం ప్రసంగించేవాడు. స్టూవర్టుపురం నుంచి చీరాల పొగాకు కర్మాగారానికి శ్రామికులు వెళ్ళడాన్ని రాధాకృష్ణ చర్చించారు. సంస్కరణ, శ్రమ సరఫరా ఒకే చేతిలో ఉన్నప్పుడు, మంద ఉన్నిని కాపరులే ధరించారన్న యెహెజ్కేలు అభియోగాన్ని (34:3) ఆ కాపరులు తమకు అన్వయించుకోవలసి ఉండింది.

ఇక్కడ ‘పాకద్’ మూడు అర్థాలు తిరిగి ఉపకరిస్తాయి. హాజరు పట్టీ రెండవ అర్థంలోని విచారణ: పేరు పిలవడం, లెక్క చూడటం. బడి, ఆసుపత్రి మొదటి అర్థానికి చెందినవి. కానీ ఆదరణ పొందడానికి ముందు జాబితాలో నేరస్థుడిగా పేరు ఉండవలసిరావడం వల్ల ఆదరణ సైతం శిక్షలో భాగమైంది. వ్యక్తులుగా ఆ మిషనరీల దయను శంకించనక్కరలేదు. ఏలీ కూడా క్రూరుడు కాడు. బాలుడైన సమూయేలును పెంచినవాడు. అతనిపై అభియోగం తెలిసీ అడ్డుకోకపోవడమే. పుట్టుకను నేరంగా చూసే శాసనం అన్యాయమని చెప్పగల గ్రంథం ఈ నిర్వాహకుల చేతుల్లో, తెలుగులోనే ఉంది. దానిని వ్యక్తుల మార్పుకు వాడారు గాని, చట్టం మీద ఎక్కుపెట్టలేదు.

7. రద్దు, తర్వాత

మద్రాసులో ఈ చట్టం 1947లో రద్దయింది. మరుసటి ఏడాదే అలవాటు నేరస్థులపై ఆంక్షల చట్టం వచ్చింది. అది కనీసం సూత్రరీత్యా తెగను కాక వ్యక్తి నేరచరిత్రను ఆధారం చేసుకుంది. జాతీయస్థాయిలో 1949లో నియమితమైన విచారణ సంఘానికి రాయలసీమవాసి మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షత వహించారు. దరిమిలా 1952 ఆగస్టు 31 నుంచి చట్టం దేశమంతటా రద్దయింది. ‘నేరస్థ జాతులు’ ‘విముక్త జాతులు’ అయ్యారు. ఈ తీర్పును ఆలయం కాక శాసనసభ ఇచ్చింది. యెహెజ్కేలు 18వ అధ్యాయపు సారం తెలుగు నేలలో ప్రకటితమైంది కాపరుల నోట కాదు, రాజ్యాంగ ప్రజాస్వామ్యం ద్వారా.

శాసనం పోయినంత మాత్రాన ముద్ర పోలేదు. దొంగతనం జరగగానే ఫలానావారి పేటకే పోలీసులు వెళ్ళడం, ఇంటిపేరు విని అద్దె ఇల్లు నిరాకరించడం దాని అవశేషాలు. మరోవైపు, పశ్చిమ కర్నూలుతో సహా తెలుగు ప్రాంతాల ప్రార్థనాకూటాలలో పితరుల శాపం తరతరాలుగా వెంటాడుతుందన్న బోధ తరచు వినిపిస్తుంది. కరవు, వలస, అప్పు, రోగం పీడించే ఇళ్ళలో, కష్టానికి తాత చేసిన పాపమే కారణమని చెప్పడం సులువు. ఆ బోధ నిర్గమకాండాన్ని ఉటంకిస్తుంది; యెహెజ్కేలును వదిలివేస్తుంది. కష్టానికి గల వర్తమాన కారణాలూ, వాటికి బాధ్యులైనవారూ దాని వల్ల మరుగున పడతారు.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

- హీబ్రూ లేఖనాలలో వంశదోషం స్థిర సిద్ధాంతం కాదు. అది ఉమ్మడి కుటుంబ అనుభవం నుంచి పుట్టి, న్యాయశాస్త్రంలో పరిమితమై, ప్రవక్తల కాలంలో తిరస్కృతమైన భావన.
- వంశదోషాన్ని తిరస్కరించిన ప్రవక్తలే నాయకుల వైఫల్యాన్ని ఎండగట్టారు. గతాన్ని నిందించే వివరణ వర్తమాన నాయకుల బాధ్యతను కప్పివేస్తుందని వారు గుర్తించారు.
- నేరస్థ జాతుల చట్టం లేఖనంలోని అతి కఠిన సూత్రం కంటే కఠినమైనది. రైలు, ఉప్పు విధానం, కరవు వల్ల బతుకుతెరువు కోల్పోయినవారి స్థితిని అది పుట్టుక లక్షణంగా మార్చింది.
- మిషన్ నిర్వాహకుల వైఫల్యం దయ లేకపోవడంలో లేదు, లేఖనం తెలియకపోవడంలోనూ లేదు. ఆ లేఖనాన్ని శాసనానికి అన్వయించకపోవడంలో ఉంది.

ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు ప్రాంతాల స్థానిక చరిత్రను రాసేటప్పుడు రైలుమార్గం, పత్తి వ్యాపారం, చేనేతలతోపాటు ఉప్పు దారుల పతనాన్నీ, ఆ దారుల మీద బతికినవారిపై పడిన ముద్రనూ చేర్చడం అవసరం. వారి మనవలకు, మునిమనవలకు మూడో తరం, నాలుగో తరం అన్న మాట లేఖన వ్యాఖ్యాన సమస్య మాత్రమే కాదు. వారి తాతలు చేసినదేమిటో కాక, వారికి జరిగినదేమిటో నమోదు కావలసి ఉంది.